తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూడు

ప్రభువునందు ప్రియ తమ్ముడికి,

వందనాలు. నైజీరియాలో బోధకులకు తర్ఫీదు ఇవ్వడానికి వెళ్తున్నావని విని చాలా సంతోషించాను. బయలుదేరేలోపు శామ్యూల్ అజాయి క్రౌథర్ గారి గురించి తెలుసుకో.

ఆయన నైజీరియాలోని యొరూబా జాతి బిడ్డ, ఆఫ్రికా నుంచి వచ్చిన తొలి ఆంగ్లికన్ బిషప్. 1821లో వాళ్ల ఊరు ఒసోగున్ మీద బానిసల వేటగాళ్లు పడి పట్టుకుపోయారు. పోర్చుగీసు ఓడ ఎక్కించాక బ్రిటిష్ నౌకాదళం విడిపించి సియెర్రా లియోన్‌లో దించింది. అక్కడే చదువు, బాప్తిస్మం. 1843లో గురుపట్టం. 1846లో యొరూబా పట్టణం అబెయోకుటాలో తల్లి కనబడింది, పాతికేళ్లకి! ఇద్దరూ చేతులు పట్టుకుని, మాట పెగలక, అలా చూసుకుంటూ ఉండిపోయారట. బైబిలును యొరూబా భాషలోకి అనువదించడానికి ఆయన పెద్దల మాటతీరు, సామెతలు చెవిపెట్టి వినేవాడు. నువ్వూ ముందు విను, బోధ తర్వాత.

ఆయన్ని పంపిన చర్చ్ మిషనరీ సొసైటీకి లండన్‌లో కార్యదర్శి అయిన హెన్రీ వెన్ కోరింది ఒక్కటే: సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పాలన తానే చూసుకోవాలి, సువార్త తానే చాటాలి. 1864లో కాంటర్‌బరీలో క్రౌథర్ గారిని బిషప్‌ని చేయించాడు. అబెయోకుటాలోని దొరలు మాత్రం ఆఫ్రికా మనిషి కింద పనిచేయడానికి ఒప్పుకోలేదు. ఆయనకు నైజర్ నది పని మిగిలింది. 1873లో వెన్ పోయాడు. 1890లో వృద్ధుడైన క్రౌథర్ గారు కూర్చున్న కమిటీలోనే కుర్ర దొరలు ఆయన బోధకులను పనిలోంచి ఆపేశారు. ఫిర్యాదుల్లో కొంత నిజముంది, కాదనను. కానీ దిద్దాల్సింది బిషప్ కదా! ఆయన కమిటీకి రాజీనామా ఇచ్చాడు. మరుసటి ఏడాది డిసెంబరు 31న కన్నుమూశాడు. ఆ పీఠం మీద తెల్ల బిషప్‌ని కూర్చోబెట్టారు. 1892లో నైజర్ డెల్టా సంఘాలు ఆయన కొడుకు దండెసన్ నాయకత్వంలో తమ కానుకలతోనే నిలబడ్డాయి.

1912లో మన దేశపువాడైన అజరయ్య గారిని డోర్నకల్ బిషప్‌గా చేసేటప్పుడు మన దగ్గరా కొందరు దొరలు అడ్డు చెప్పినవాళ్లే.

నా తప్పూ చెప్తాను. పెద్దలకు లెక్కలు రావని ఒక పల్లె సంఘం కానుకల పెట్టె తాళంచెవి పన్నెండేళ్లు నా జేబులోనే ఉంచుకున్నాను. ఇచ్చేసిన ఏడాదే వాళ్లు గుడికి స్లాబు వేసుకున్నారు.

అందుకే రసీదు పుస్తకం పట్టుకోవద్దు. కమిటీలో అధ్యక్షుడి కుర్చీ ఇచ్చినా వద్దను. ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే అక్కడి అయ్యగారి దగ్గరికే పంపు, ఇక్కడికి ఉత్తరం రాయకు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకో. ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో.

నీ అన్న