గంటలు కాదమ్మా, ఎవరి ముందు నిలబడి చెప్పావన్నదే ముఖ్యం

ప్రశ్న: మేడమ్, డిగ్రీ అయ్యి రెండేళ్లుగా ఆఫీసు ఉద్యోగం చేస్తున్నా. విదేశం వెళ్లి ఇంగ్లీషు టీచర్‌గా చెయ్యాలనుంది. ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ (ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్పడం) కోర్సు చాలని కొందరు, సెల్టా (కేంబ్రిడ్జ్ ఇచ్చే ఇంగ్లీషు టీచర్ల సర్టిఫికెట్) చెయ్యమని కొందరు అంటున్నారు. వెళ్లే చోట భాష ఒక్క ముక్క రాదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

జవాబు: ముందు ఆ గంటల లెక్క పక్కనపెట్టు తల్లీ. కోర్సువాళ్లని అడగాల్సింది ఒకటే, నిజంగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లకి నీతో పాఠం చెప్పించి, వెనకాల కూర్చుని చూసి, ఎక్కడ తప్పిందో చెప్తారా లేదా అని. సెల్టా కూడా దాదాపు 120 గంటలదే కానీ అందులో 6 గంటలు నువ్వే క్లాసు చెప్పాలి, 4 అసైన్‌మెంట్లు రాయాలి, అనుభవమున్న టీచర్లు చెప్తుంటే కూర్చుని చూడాలి. సెల్టా లాంటిదే ఇంకో సర్టిఫికెట్, ట్రినిటీ సర్ట్‌టీసాల్, అందులోనూ 6 గంటలు చెప్పాల్సిందే. వీడియోలు చూసి క్విజ్‌లు రాసే కోర్సులో అది ఉండదు, తేడా అంతా అక్కడే.

నా ట్రైనింగ్‌లో జరిగింది చెప్తా. ‘యూజ్డ్ టు’ (ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు లేదు అని చెప్పే మాట) గురించి ఇరవై నిమిషాలు చెప్పి అర్థమైందా అంటే అందరూ తలూపారు, నాకు భలే సంతోషమేసింది. అప్పుడు మా ట్రైనర్ లేచి బోర్డు మీద ‘ఐ యూజ్డ్ టు స్మోక్’ అని రాసి, ఈయన ఇప్పుడు సిగరెట్ తాగుతున్నాడా అని అడిగితే సగంమంది అవునన్నారు. ఆ రోజు నుంచి అర్థమైందా అని అడగడం మానేశా, ఇలాంటి చిన్న ప్రశ్న ఒకటి వేస్తా.

కొత్త చోట నిన్ను ఎక్కువ భయపెట్టేది అల్లరి కాదు, మౌనం. నువ్వు ప్రశ్న వేస్తే ఎవరూ నోరు విప్పరు. రాక కాదమ్మా, అందరి ముందూ తప్పు చెప్తే పరువు పోతుందని. లోపల అయిదు దాకా లెక్కపెట్టుకుంటూ ఆగు, లేదంటే ముందు పక్కవాళ్లతో మాట్లాడుకోమని తర్వాత అడుగు, గొంతులు అవే లేస్తాయి.

వెళ్లేముందు రెండు నెలలు వాళ్ల భాష నేర్చుకో, కూరగాయలు కొనడానికే కాదు, వాళ్ల తప్పులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియడానికి. అరబిక్‌లో ‘ప’ లేదు కాబట్టి ‘బ’ పలుకుతారు, జపనీస్ వాళ్లకి ల, ర ఒకేలా వినిపిస్తాయి. అది తెలిస్తే విసుక్కోవు. పిల్లల పేర్లు వాళ్ల అమ్మ పిలిచినట్టు పలకడం కూడా నేర్చుకో, దయచేసి వాళ్లకి ఇంగ్లీషు పేర్లు మాత్రం తగిలించకు.

కాగితాల సంగతికొస్తే డిగ్రీ అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్ ముందే మొదలుపెట్టు, టైం పడుతుంది. కొన్ని దేశాలు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టు ఉంటేనే టీచర్ వీసా ఇస్తాయి, ఫీజు కట్టేముందే ఎంబసీలో కనుక్కో. టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్, తర్వాత మార్పిస్తాం అనే స్కూలుకి మాత్రం వెళ్లకు.

ఈ వారమే ఎవరో ఒకరికి అరగంట పాఠం చెప్పి ఫోన్‌లో రికార్డు చెయ్యి. అందులో వాళ్ల గొంతు ఎంతసేపు వినిపించిందో, నీది ఎంతసేపు వినిపించిందో నాకు రాయి, అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.