ల్యాప్‌టాప్ కొంటున్నారా? ర్యామ్ దగ్గర పిసినారితనం వద్దు

జూన్ వచ్చిందంటే అమెరికాలో చదువుకి బయల్దేరే పిల్లల నుంచి నా వాట్సాప్‌లో రెండు సందేహాలు మొదలవుతాయి. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, ల్యాప్‌టాప్ ఏది కొనాలి. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు, నేను వెళ్లిన 2011 నాటి రోజులే వేరు. రెండోదానికి మాత్రం టెక్సస్‌లో ఇన్నేళ్లుగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది కొంత ఉంది. ఈసారి సెలవులకి బెంగళూరులో అక్క వాళ్లింటికి వచ్చినప్పుడు, వాళ్లబ్బాయికే ల్యాప్‌టాప్ కొనిపెట్టాల్సి వచ్చింది. ఆ రోజు జరిగింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

వాడు ఆగస్టులో డేటా సైన్స్‌లో ఎంఎస్‌కి వస్తున్నాడు. దానికి తోడు ఫొటోల పిచ్చి. తెల్లారకముందే కేఆర్ మార్కెట్‌కి పోయి బంతిపూల గుట్టల మధ్య తిరుగుతాడు, సెలవు దొరికితే లేపాక్షి బసవన్న దగ్గర తేలతాడు. చేతిలో 24 మెగాపిక్సెల్ కెమెరా. ఒక కాగితం మీద తనకి కావాల్సింది రాసుకొచ్చాడు: 1 టీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు), 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే చోటు). "ఫొటోలకి జాగా ముఖ్యం కదా పిన్నీ, ర్యామ్ తర్వాత చూసుకుంటా" అన్నాడు.

నాకు పేచీ వచ్చింది ఆ "తర్వాత" దగ్గరే.

కేఆర్ పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్‌పేటలో దిగి కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి నడిచాం. మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన సందులు, నెత్తిన మానిటర్ డబ్బాలతో పోయేవాళ్లు, గుమ్మాలకి తోరణాల్లా వేలాడే కేబుళ్లు. మేం తెలుగులో గొణుక్కోవడం విని కౌంటర్ వెనకాయన "ఏ ఊరండీ?" అన్నాడు. ఆయనది హిందూపురం, మాది అనంతపురం. ఇంక టీ రావడం ఒక్కటే ఆలస్యం.

ఆయన రిపేరుకొచ్చిన రెండు ల్యాప్‌టాప్‌ల మూతలు విప్పి చూపించాడు. ఒకటి కాస్త దళసరిది. వేలెడంత ర్యామ్ పలక రెండు క్లిప్పుల మధ్య బిగించి ఉంది, పక్కన ఇంకో స్లాట్ ఖాళీ. ఆ కింద చూయింగ్ గమ్ బిళ్లంత ఎస్ఎస్‌డీ, దానికి ఒకే ఒక్క స్క్రూ. రెండోది సన్నగా నాజూగ్గా, మావాడు ఆన్‌లైన్‌లో మనసు పారేసుకున్న మోడల్. అందులో ఎస్ఎస్‌డీ అయితే కనబడింది గానీ ర్యామ్ స్లాట్ ఎక్కడా లేదు. ఫ్యాన్ పక్కన బోర్డుకి అతుక్కుపోయిన నల్లటి చదరాలు నాలుగు. "ఇవేనమ్మా ర్యామ్. ఫ్యాక్టరీలోనే టంకం పెట్టేస్తారు. 8 కొంటే జీవితాంతం 8తోనే కాపురం" అన్నాడాయన.

మావాడి మొహం చూడాలి.

సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు చాలావాటికి ఇదే పరిస్థితి. స్పెసిఫికేషన్లలో ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్5 అని ఉంటే దాదాపుగా బోర్డుకి అతికించిందే అనుకోండి. మ్యాక్‌బుక్‌లలో అయితే ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసి ఒకే ప్యాకేజీలో ఉంటుంది, పెంచే ప్రశ్నే లేదు. అదృష్టం కొద్దీ 2024 అక్టోబర్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా 16 జీబీ నుంచే మొదలవుతోంది. పాతది 8 జీబీది ఎవరైనా చవగ్గా ఇస్తామంటే మాత్రం ఆగి ఆలోచించండి.

అసలు గొడవంతా "మెమరీ" అనే మాటతో. ఫోన్ కొనేటప్పుడు మనం 128 జీబీ మెమరీ అంటాం, అక్కడ అది స్టోరేజ్. ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మెమరీ అంటే ర్యామ్. మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో కూర్చున్నాక వాడికి అరిటాకు మీదే చెప్పాను. వంటింట్లో గంగాళం నిండా అన్నం ఉండొచ్చు, అది స్టోరేజ్. నువ్వు కలుపుకునేది ఆకు మీద, అది ర్యామ్. ఆకు చిన్నదైతే పప్పులోకి పులుసు, పులుసులోకి గోంగూర పారతాయి, వడ్డించేవాడు ఒక్కో ముద్దకీ వంటింటికి తిరగాలి. కంప్యూటర్‌లో జరిగేదీ ఇంతే. ర్యామ్ నిండితే విండోస్ పని ఆపదు, కొంత సరంజామాని ఎస్ఎస్‌డీ మీదికి నెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి డేటా అందడానికి 100 నానోసెకన్ల లోపో, కాస్త అటూ ఇటో పడుతుంది. మంచి ఎస్ఎస్‌డీకైనా పదుల మైక్రోసెకన్లు కావాలి, ఒక్కో మైక్రోసెకను వెయ్యి నానోసెకన్లు. అంటే వందల రెట్లు తేడా. మౌస్ కదిలించినా బాణం గుర్తు కదలని ఆ క్షణాలు ఇవే.

"ఒక్క ఫొటోకి ఎంత ర్యామ్ పడుతుందిలే" అంటారు చాలామంది. లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ అంటే 2.4 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు అంకెలు. ఫొటోషాప్‌లో 16 బిట్‌లో తెరిస్తే ఒక్కో అంకెకి 2 బైట్లు. గుణిస్తే 144 ఎంబీ, అదీ ఒక్క లేయర్‌కి. పది లేయర్లు పెడితే ఒకటిన్నర జీబీ దగ్గరికి పోయింది. అన్‌డూ కోసం దాచుకునే చరిత్ర వేరు. వెనక క్రోమ్‌లో ముప్పై ట్యాబులు, జూమ్‌లో క్లాసు, పాండాస్‌లో (డేటా విశ్లేషణకి వాడే పైథాన్ లైబ్రరీ) తెరిచిన సీఎస్‌వీ ఫైలు, అంటే పట్టికల డేటా, ఎలాగూ ఉంటాయి. డిస్క్ మీద 2 జీబీ ఉన్న సీఎస్‌వీ ర్యామ్‌లోకి వచ్చాక అంతకు రెండు మూడు రెట్లు ఉబ్బడం మామూలే. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌కి అడోబీ వాళ్లు చెప్పే కనీసం 8 జీబీ, సిఫారసు చేసేది 16. కనీసం అన్నదాన్ని మీరు "తెరుచుకుంటుంది" అని చదువుకోండి, "పని జరుగుతుంది" అని కాదు.

కాబట్టి నా మాట: చదువు ఏదైనా 16 జీబీకి తగ్గొద్దు. డేటా సైన్స్, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లోనే నడిపే ఇంకో కంప్యూటర్), ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి ఉండి, ఫొటోలూ వీడియోలూ కూడా చేస్తానంటే 32 వైపు చూడండి. బడ్జెట్ సరిపోకపోతే 16 ఉన్నదే తీసుకోండి, కానీ ఇంకో స్లాట్ ఉందో లేదో కొనేముందే అడగండి. "ఇప్పుడు తక్కువ, వచ్చే ఏడు పెంచుకుందాం" అనే పాత లెక్క ఈమధ్య తప్పుతోంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. క్రూషల్ పేరుతో మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. మా హిందూపురం ఆయనైతే బంగారం రేటులా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పాల్సి వస్తోందని వాపోయాడు.

స్టోరేజ్ దగ్గర ఇంత కంగారు అక్కర్లేదు. కెమెరా సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే రా (RAW) ఫైలు ఒక్కోటి సుమారు 30 ఎంబీ అనుకుందాం. ఒక ఆదివారం 400 క్లిక్కులు కొడితే 12 జీబీ. నెలకి రెండు ఆదివారాలైతే ఏడాదికి 288 జీబీ. అదీ తీసినవన్నీ ఉంచుకుంటేనే. ఒకే పూలబుట్టని ముప్పైసార్లు తీసి ముప్పైకి ముప్పై దాచుకునే అలవాటు మావాడికి ఉంది, నాకూ ఉండేది. 512 జీబీ ఎస్ఎస్‌డీలో విండోస్, కోర్సు సాఫ్ట్‌వేర్లు పోను ఓ 300 మిగిలినా ఒక ఏడాది ఫొటోలకి దాదాపుగా సరిపోతుంది. కాకపోతే అంచుదాకా నింపొద్దు. ఓ 15 శాతం ఖాళీ లేకపోతే ఎస్ఎస్‌డీ మీద డేటా రాసే వేగం పడిపోతుంది. పాతవి బయటి డిస్క్‌కి పంపండి. 256 మాత్రం ఇరుకు, ఆరు నెలల్లో విసుగొస్తుంది.

512 అని కొంటే విండోస్‌లో 476 కనబడుతుంది. షాపతను మోసం చేశాడని గొడవకి వెళ్లొద్దు. కిలో, మెగా, గిగా అని ఒక్కో మెట్టుకీ కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, విండోస్ 1024తో భాగిస్తుంది, అంతే.

బయటి డిస్క్ కొనేటప్పుడు కేబుల్ మీద కన్నేయండి. ఫోన్ చార్జర్‌తో వచ్చే సీ టైప్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 వేగానివే, సెకనుకి 40 ఎంబీ దాటడం కష్టం. 12 జీబీకి ఐదు నిమిషాలు. అదే బయటి ఎస్ఎస్‌డీని సెకనుకి 10 గిగాబిట్ల కేబుల్‌తో కలిపితే పావు నిమిషం. విండోస్, మ్యాక్ రెండింట్లో వాడేట్టయితే డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. విండోస్ పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్నదాన్ని మ్యాక్ చదువుతుంది గానీ దానంతట అది రాయలేదు. ఫుట్‌పాత్ మీద ఐదారు వందలకి దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్ గురించి వేరే చెప్పాలా? ఎవరైనా ఇస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాసి చూడండి, అసలు సైజు బయటపడుతుంది.

ఇప్పుడు నా సొంత కథ. 2014లో తాతయ్య శతాభిషేకానికి ఇండియా వచ్చి రెండు రోజుల్లో తొమ్మిది వందల ఫొటోలు తీశాను. తిరిగెళ్లాక ల్యాప్‌టాప్ నిండిపోయిందని అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి మార్చి, ల్యాప్‌టాప్‌లోవి చెరిపేశాను. డిస్క్ తిరుగుతుండగా వైరు కాలికి తగిలి బల్ల మీంచి చెక్క నేల మీద పడింది. మళ్లీ పెడితే టక్, టక్, టక్. ఆ చప్పుడు వినని వాళ్లు అదృష్టవంతులు. డేటా తీసిచ్చే చోట అడిగిన డబ్బుతో ఇండియాకి ఒక టికెట్ వచ్చేది. అప్పటికీ గ్యారంటీ ఏమీ లేదన్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టిన చిన్న సైజువి ఓ ముప్పై మిగిలాయి. తాతయ్య తర్వాతి ఏడాదే పోయారు.

బయటి డిస్క్‌లో పెట్టడాన్నే బ్యాకప్ అనుకున్నాను నేను. అది ఫొటోలని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం మాత్రమే. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి నాకప్పుడు తెలీదు: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటికి దూరంగా. విద్యార్థి బడ్జెట్‌లో కూడా ఇది కుదురుతుంది. ఎడిటింగ్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, దాచడానికి చవకైన హార్డ్ డిస్క్, మూడోది క్లౌడ్‌లో. మీ యూనివర్సిటీ ఖాతాతో క్లౌడ్ జాగా ఎంతిస్తారో చూసుకోండి. థీసిస్‌కి మంచిదే గానీ, చదువు అయ్యాక ఆ ఖాతా ఉంటుందో లేదో కనుక్కున్నాకే ఫొటోలు అందులో పెట్టండి.

ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? ఇండియాలో 18 శాతం జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది. అమెరికాలో బిల్లు వేసేటప్పుడు పన్ను పైన కలుపుతారు, టెక్సస్‌లో అది గరిష్ఠంగా 8.25 శాతం. ఆగస్టులో స్టూడెంట్ డిస్కౌంట్లు కూడా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్ ఇంకో నెల నడిచేట్టయితే దాంతోనే విమానం ఎక్కేయండి, డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లు ఏం వాడుతున్నారో చూసి అక్కడే కొనుక్కోండి. సివిల్, మెకానికల్ వాళ్లకి ఇది మరీ ముఖ్యం, వాళ్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ కోసమే చేసినవి. ఉన్నది నడవదనుకుంటే ఇక్కడ కొనండి, కానీ వారంటీ ఏయే దేశాల్లో చెల్లుతుందో రాతపూర్వకంగా అడగండి. నేను తీసుకెళ్లినది మూడో నెలలో మదర్‌బోర్డు పోతే, అక్కడి సర్వీసు వాళ్లు "ఇది ఇండియా మోడల్" అని చేతులెత్తేశారు. కంపెనీ పేరు ఎందుకులెండి. మిడ్‌టర్మ్‌లన్నీ లైబ్రరీ కంప్యూటర్ల మీద గడిచాయి.

చార్జర్ మీద 100-240 వోల్ట్ అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కొనక్కర్లేదు, పిన్ను మారిస్తే చాలు. హార్డ్ డిస్కులు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. పవర్ బ్యాంకు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. స్క్రీన్ చూపగల రంగుల విషయంలో ఒక్క మాట: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్నది ఫొటోలకి పనికిరాదు, బంతిపూలు వెలిసిపోయి కనబడతాయి. 100 శాతం ఎస్ఆర్‌జీబీ అడగండి.

చివరికి మావాడు 1 టీబీ వదులుకున్నాడు. కాస్త దళసరి మోడల్లోనే 32 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, అంతర్జాతీయ వారంటీ రాతలో. మిగిలిన డబ్బుకి ఒక హార్డ్ డిస్క్. ఆ రాత్రి కూర్చుని మార్కెట్ ఫొటోలన్నీ దాంట్లోకి ఎక్కించి, పాత లుంగీ గుడ్డలో చుట్టి అక్క చేతికిచ్చాడు. అక్క దాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది.

"ఎన్నాళ్లుంచాలే ఇది?" అని నన్నడిగింది.

"వాడొచ్చి ఇంకోటి ఇచ్చేదాకా."

"కర్పూరం బిళ్లలున్నాయి మరి, ఏం కాదు కదా?"