ఆటోమేటిక్ హాట్ హ్యాచ్ కొంటున్నారా? స్పీడ్ కన్నా ముందు నత్తనడక చూడండి

ఇన్నాళ్లూ మాన్యువల్ నడిపాను, ఇప్పుడు ఆటోమేటిక్ హాట్ హ్యాచ్ (బలమైన ఇంజన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు) తీసుకుందామనుకుంటున్నాను, టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి, ఆర్డర్ ఇచ్చేముందు ఏం అడగాలి అని మీరు అడిగారు. నేనూ మాన్యువల్ నుంచే ఇటు వచ్చాను. నాలుగైదు కార్లు నడిపి చూసి, చివరికి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఆర్డర్ పెట్టాను, ఇప్పుడు రోజూ అదే నడుపుతున్నాను.

టెస్ట్ డ్రైవ్ అనగానే అందరూ చేసేది ఒక్కటే. ఖాళీ రోడ్డు దొరకగానే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కడం, సీటుకి అతుక్కుపోయి నవ్వుకోవడం. రెండు వందల పైచిలుకు హార్స్‌పవర్ ఉన్న చిన్న కారు ఎవరు తొక్కినా దూసుకుపోతుంది. అక్కడ మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తేడా అంతా గంటకు పది కిలోమీటర్ల లోపు బయటపడుతుంది. రేపు కారు కొన్నాక ట్రాఫిక్‌లో మీరు ఎక్కువసేపు గడిపేదీ ఆ వేగంలోనే.

ఎందుకంటే ఈ తరగతి కార్లలో ఎక్కువగా వచ్చేది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు డీఎస్‌జీ పేరుతో 2003లో గోల్ఫ్ ఆర్32లో మొదలుపెట్టింది ఇదే. హ్యుందాయ్ ఐ30 ఎన్‌లో వచ్చిన ఎనిమిది గేర్లదీ ఈ రకమే. లోపల రెండు క్లచ్‌లుంటాయి. బేసి గేర్లు ఒకదాని మీద, సరి గేర్లు ఇంకోదాని మీద. మీరు మూడులో వెళ్తుండగానే నాలుగు తగులుకుని సిద్ధంగా ఉంటుంది కాబట్టి గేరు మారడం కనురెప్పపాటులో అయిపోతుంది. కానీ కదలడం మొదలుపెట్టేటప్పుడు మాత్రం మన మాన్యువల్ కారులో లాగే క్లచ్ కొంచెం జారుతూ పట్టుకోవాలి. ఆ పని మన కాలికి బదులు కంప్యూటర్ చేస్తుంది. అది ఎంత సున్నితంగా చేస్తుందన్నది కారు కారుకీ మారుతుంది.

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ వేరు. అక్కడ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ప్రవాహమే శక్తిని అందిస్తుంది కాబట్టి పాకడం మెత్తగా ఉంటుంది. టయోటా జీఆర్ యారిస్‌కి 2024లో వచ్చిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఆ రకం. మీరు చూస్తున్న కారులో ఏది ఉందో ముందు కనుక్కోండి. డ్యూయల్ క్లచ్ అయితే డ్రై క్లచ్చా, వెట్ క్లచ్చా అని కూడా అడగండి. వెట్ క్లచ్ ఆయిల్‌లో తిరుగుతుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. ఫోక్స్‌వ్యాగన్ డ్రై క్లచ్ ఏడు గేర్ల డీఎస్‌జీ తట్టుకునే టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పరిమితి 250 న్యూటన్ మీటర్లు. జీటీఐ ఇంజన్ టార్క్ 370. అందుకే దానికి వెట్ క్లచ్ పెట్టారు. పేరుకి స్పోర్టీగా ఉండే చిన్న కార్లలో డ్రై క్లచ్ ఎదురవ్వచ్చు.

నేను నడిపిన వాటిలో ఒక చిన్న కారు ఉంది. ఖాళీ రోడ్డు మీద ముచ్చటగా పరిగెత్తింది. కూడలి దగ్గర వేగం బాగా తగ్గించి, కారు పూర్తిగా ఆగకముందే సందు దొరికిందని మళ్లీ యాక్సిలరేటర్ నొక్కాను. ఒక క్షణం ఏమీ లేదు. ఆ వెంటనే ఒక్క కుదుపుతో ముందుకు గెంతింది, పక్క సీట్లో ఉన్న నా భార్య తల వెనక్కి తగిలింది. సేల్స్ అబ్బాయి స్పోర్ట్ మోడ్‌లో పెట్టమన్నాడు. పెడితే కొంత నయమైంది, కానీ రోజంతా స్పోర్ట్ మోడ్‌లో ఎవరు తిరుగుతారు? ఆ కారు మీద ఆశ అక్కడే వదిలేశాను.

కాబట్టి మీరు ఇవి తప్పకుండా చేసి చూడండి. బ్రేక్ మీద నుంచి కాలు తీసి, యాక్సిలరేటర్ ముట్టకుండా కారుని పాకనివ్వండి. ఎత్తు మీద ఆపి, ముందుకూ వెనక్కీ అంగుళం అంగుళంగా కదపండి, ముఖ్యంగా రివర్స్‌లో. ఇరుకు చోట పార్క్ చేయండి. తర్వాత నలభైలో నింపాదిగా వెళ్తూ ఒక్కసారి గట్టిగా తొక్కి, కారు స్పందించడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడండి. నాలుగులో ఉండగా ఐదు సిద్ధం చేసుకున్న గేర్‌బాక్స్‌ని మీరు మూడు అడిగితే, ఐదుని వదిలి మూడుని పట్టుకోవాలి. ఆ తడబాటు కొన్నిట్లో తెలియదు, కొన్నిట్లో ఓవర్‌టేక్ చేసేటప్పుడు భయపెడుతుంది. స్టీరింగ్ వెనకుండే గేరు ప్యాడిల్స్ వాడి, మాన్యువల్ మోడ్‌లో రెడ్‌లైన్ (ఇంజన్ తిరిగే వేగానికి పై హద్దు) దగ్గర తనంతట తానే గేరు మార్చేస్తుందా, మీ మాట వింటుందా అన్నదీ గమనించండి.

షోరూమ్‌కి ముందే ఫోన్ చేసి, ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడే గేర్‌బాక్స్ అసలు నడత తెలుస్తుంది. వాళ్లు చూపించే నున్నటి రోడ్డుతో సరిపెట్టుకోవద్దు, గతుకులున్న దారి మీరే అడగండి.

ఇక ఆర్డర్. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం, మీరు నడిపిన కారూ మీరు రాయించుకునే కారూ ఒకటేనా అన్నది. డెమో కార్లకి తరచుగా పెద్ద చక్రాలు, ఖరీదైన ఆప్షన్లు బిగించి ఉంచుతారు. 225/40 ఆర్18 టైరు పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు, 235/35 ఆర్19ది 82 చిల్లర. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల రబ్బరు తగ్గడం గతుకుల్లో నడుముకి తెలుస్తుంది. అడాప్టివ్ డ్యాంపర్లు (రోడ్డుని బట్టి గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు) ఉన్న కారు నడిపి, అవి లేని కారు ఆర్డర్ చేస్తే వచ్చేది వేరే కారు కిందే లెక్క. నేను పందొమ్మిది అంగుళాలవి వద్దని పద్దెనిమిదే రాయించాను, చూడ్డానికి కొంచెం తగ్గినా ఇప్పటికీ సంతోషంగా ఉన్నాను.

అడ్వాన్స్ కట్టేముందు ఆర్డర్ కాగితం మీద వేరియంట్, గేర్‌బాక్స్, రంగు, చక్రాలు, ప్రతి ఆప్షన్ విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. రద్దు చేస్తే డబ్బు ఎంత తిరిగొస్తుంది, డెలివరీ లోపు ధర పెరిగినా మోడల్ ఇయర్ మారినా ఎవరి మీద పడుతుంది అన్నవి నోటిమాటగా కాక రాతలో తీసుకోండి. పాత కారు ఎక్స్‌ఛేంజ్ ఇస్తుంటే, దానికి చెప్పిన ధర ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా. కొత్త కారు రావడం ఆలస్యమైతే ముందు తెగ్గోసేది దాన్నే. స్టాక్‌లో ఉన్న కారు ఇస్తామంటే టైరు మీది నాలుగంకెల తేదీ చూడండి. 3225 అంటే 2025లో 32వ వారంలో తయారైందని అర్థం. కారు ఎన్నాళ్లుగా యార్డ్‌లో నిలబడి ఉందో దాన్నిబట్టి ఓ అంచనాకి రావచ్చు.

ఆటోమేటిక్ అయితే హాట్ హ్యాచ్ ఎలా అవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 1976లో అమ్మకానికొచ్చిన మొదటి జీటీఐకి నాలుగు గేర్ల మాన్యువల్, ఇప్పటి జీటీఐ డీఎస్‌జీతో మాత్రమే వస్తోంది. హోండా వాళ్లు సివిక్ టైప్ ఆర్‌కి ఇప్పటికీ మాన్యువల్ ఒక్కటే ఇస్తున్నారు. చేత్తో గేరు వేయనిదే ఆనందం లేదనిపిస్తే అది నడిపి చూశాకే నిర్ణయించుకోండి. మీరు ఏయే కార్లు చూస్తున్నారో కింద రాయండి, నేను నడిపినవి వాటిలో ఉంటే పాకడం ఎలా ఉందో, సీట్లు ఎలా ఉన్నాయో విడిగా చెబుతాను.