నాలుగు చక్రాల స్పోర్ట్ క్వాడ్ బైకుకు ముందువైపు సస్పెన్షన్‌గా (కుదుపును అణచే ఏర్పాటుగా) స్ట్రట్ మేలా, డబుల్ ఏ-ఆర్మా?

వేగంగా, గతుకుల్లో నడిపేవారికి డబుల్ ఏ-ఆర్మే (చక్రాన్ని బండి చట్రానికి కలిపే ‘A’ ఆకారపు ఆర్మ్‌లు పైనొకటి, కిందొకటి ఉండే ఏర్పాటు) మేలని నా అభిప్రాయం. పోలారిస్ ట్రెయిల్ బ్లేజర్ 250లో ఉన్న మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో చక్రాన్ని కింద ఒక ఆర్మ్, పైన షాక్ అబ్జార్బరే పట్టి నిలుపుతాయి. భాగాలు తక్కువ, ఖర్చూ తక్కువే. అయితే మలుపులో చక్రంపై పడే పక్క ఒత్తిడిని షాక్ రాడ్డే భరించాలి కనుక ఘర్షణ పెరిగి, చిన్న గతుకులకు అది సాఫీగా కదలదు.

యమహా రాప్టర్ 700ఆర్‌లో చక్రాన్ని పైన, కింద రెండు ఆర్మ్‌లు పట్టుకోవడంతో షాక్‌కు మిగిలేది కుదుపును అణచే పని ఒక్కటే; అందులో ముందు చక్రం సుమారు 231 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ కదలగలదు. పై ఆర్మ్‌ను కిందిదానికన్నా పొట్టిగా అమర్చితే, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. బండి మలుపులో బయటికి ఒరిగినా, బరువు మోస్తున్న బయటి టైరు నేలను సరిగా అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ వాలును డిజైనరు కోరినట్లు మలచుకోగలగడమే దీని అసలు బలం, స్ట్రట్‌లో అంత వెసులుబాటు లేదు.

డబుల్ ఏ-ఆర్మ్‌లో కీళ్లు ఎక్కువ కాబట్టి బుషింగులను (కీళ్లలో అమర్చే గొట్టపు ముక్కలను), బాల్ జాయింట్లను (గుండు కీళ్లను) తరచుగా చూసుకోవాలి. పొడవైన ఆర్మ్‌లు బిగించేవారు టై రాడ్లనూ (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలనూ) వాటికి తగినట్లు మార్చాలి, లేకపోతే ప్రతి గతుకుకూ చక్రాలు వాటంతట అవే పక్కకు తిరుగుతాయి.