పాత జీపా, ఏసీ కారా?

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి తోట ఉంది, వానొస్తే దారంతా బురదే. ఒక పాత ఎంఎం 540 జీపు అమ్మకానికొచ్చింది, నాకు జీపంటే పిచ్చి. ఇంట్లోవాళ్లేమో అమ్మను నెలనెలా రాయవేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి కదా, ఏసీ కారు కొనమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అమ్మగారిని ఆ జీపులో తిప్పొద్దండీ. ఎత్తు ఎక్కాలి, లీఫ్ స్ప్రింగుల కుదుపు నడుముకు నరకం, పైగా ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేని బండిలో లారీల మధ్య అంత దూరమంటే నాకే టెన్షన్.

జీపు గొప్పతనం కాదనను, రిపేరుకు కంప్యూటర్ అక్కర్లేదు, చెయ్యి తిరిగిన మెకానిక్ చాలు. తోట వరకే అయితే కొనుక్కోండి. కానీ 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యూవల్ అయిందా, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) తుప్పు పట్టిందా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. బురదలో నడిపి చూడండి, కొన్నిట్లో ఫోర్ వీల్ (ఇంజిన్ పవర్ నాలుగు చక్రాలకూ వెళ్లే) లివర్ ఉంటుంది, ముందు చక్రాలకు మాత్రం పవర్ అందదు!

ఒక్క బండే కొనాలంటే నా ఓటు 2023లో వచ్చిన ఐదు తలుపుల మారుతి జిమ్నీకి. ఏసీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, బురదలో నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్ గేరు అన్నీ ఉన్నాయి, డిక్కీ మాత్రం చిన్నది. మహీంద్రా థార్ రాక్స్ ఇంకా విశాలం, అయితే అందులో ఫోర్ వీల్ డీజిల్‌కే వస్తుంది.

వీటిలో ఏది కొన్నా తారురోడ్డు ఎక్కగానే టూ వీల్‌కి మార్చేయండి, లేకపోతే మలుపుల్లో గేర్ల మీద భారం పడుతుంది.