మూడో తరగతి పిల్లలు సొంతంగా పద సమస్యలు తయారు చేయగలరా? ఎలా చేయించాలి?

చేయగలరు. నేను మండల పరిషత్ బడిలో మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెప్తాను, తరచూ చేయించే పనే ఇది. కాకపోతే "మీ ఇష్టం, ఏదో ఒక లెక్క రాయండి" అంటే పుస్తకంలోని లెక్కకే పేర్లు, అంకెలు మార్చి తెస్తారు. బోర్డు మీద 12 - 5 అని రాసి, దీనికి కథ చెప్పండి అనాలి.

మొదట్లో చాలామంది ప్రశ్నే రాయరు. "నా దగ్గర 12 గోళీలు ఉన్నాయి, 5 పోయాయి, 7 మిగిలాయి" అని కథ వాళ్లే ముగించేస్తారు. తిట్టక్కర్లేదు, పక్కవాడికిచ్చి చేయమంటే చాలు, "ఇందులో చేయడానికేముందిరా" అని వాడే అడుగుతాడు. ఇంకోటి, తీసివేత అనగానే తినేయడం, పారేసుకోవడం, ఇచ్చేయడం, అంతే. అక్కకి 12 ఏళ్లు, నాకు 5, అక్క నాకంటే ఎంత పెద్దది అనే రకం వాళ్లంతట వాళ్లు రాయడం అరుదు, ఒకటి రెండు మనమే చెప్పాలి.

అసలు సంగతి గుణకారంలో బయటపడుతుంది. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లాడొకడు 6 × 4కి "నా దగ్గర 6 జామకాయలు, చెల్లి దగ్గర 4 జామకాయలు, గుణిస్తే ఎన్ని?" అని రాసుకొచ్చాడు. ఏమీ అనకుండా బొమ్మ గీయమన్నాను. ఆరు గీశాడు, పక్కన నాలుగు గీశాడు, లెక్కపెడితే పది. కాసేపు పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుని "24 రావాలి కదా టీచర్" అన్నాడు. తర్వాత నాలుగేసి కాయలున్న సంచులు ఆరు గీసి కథ మార్చేశాడు. మామూలు లెక్కలు ఎన్ని చేయించినా ఇది నాకు కనపడేది కాదు, ఎందుకంటే వాడి జవాబులన్నీ కరెక్టే.

భాగహారానికి శేషం మిగిలే అంకెలివ్వండి, 23 ÷ 4 లాంటివి. ఒక్కో ఆటోలో నలుగురు ఎక్కితే 23 మందికి ఎన్ని ఆటోలు కావాలి అని ఒకమ్మాయి రాస్తే, క్లాసంతా 5 అని, 6 అని రెండు పార్టీలైపోయింది, మధ్యలో ఒకడు లేచి "మా ఊరి ఆటోలో పన్నెండు మంది పడతారు" అన్నాడు. (నిజమే, నేనూ ఎక్కాను.) అవే 23 లడ్డూలైతే నలుగురికి అయిదేసి పంచి, మిగిలిన మూడూ తమ్ముడికిచ్చేస్తారు, గొడవే లేదు.

కిలో చికెన్ 10 రూపాయలని రాసినా దిద్దకండి, కొట్టున్న ఇంటి పిల్ల ఒకతి ఉంటే తనే తగువు పెట్టుకుంటుంది. అక్షర దోషాలు కూడా ఆ పీరియడ్‌కి వదిలేయండి. రాయడం రానివాళ్లని నోటితో చెప్పమని, మీరే బోర్డు మీద రాయండి.