2,93,31,86,25,600కి ఏంటి ప్రత్యేకత? రామానుజన్ పట్టికలో ఇది లేదంటారు, నిజమేనా?

నిజమే. 1915లో అచ్చయిన వ్యాసంలో రామానుజన్ 'హైలీ కాంపోజిట్' సంఖ్యల పట్టిక ఇచ్చారు. వందకు పైగా ఉన్న ఆ వరుస 67,46,32,83,88,800 దాకా వెళ్తుంది. అందులో జారిపోయింది ఇదొక్కటే. మూడేళ్ల ముందు ఇక్కడే, మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఆయన. అంతా చేత్తో వేసిన లెక్కే.

హైలీ కాంపోజిట్ అంటే, తనకున్నన్ని కారణాంకాలు తనకన్నా చిన్నవాటిలో దేనికీ లేని సంఖ్య. 12కి ఆరు కారణాంకాలు. 11 దాకా దేనికీ ఆరు రావు.

పెరంబూరులో తెలుగు పిల్లలకి ట్యూషన్ చెప్తాను. రామానుజన్ పుట్టినరోజు డిసెంబరు 22 వస్తే అందరూ ఆయన పేరుతో ముడిపడ్డ 1729 చెప్తారు కాబట్టి నేను బోర్డు మీద దీన్ని రాస్తాను. అంకెల మొత్తం 45 కాబట్టి 9తో పోతుందని పిల్లలు వెంటనే పట్టేస్తారు. చిక్కల్లా 7, 11, 13 దగ్గరే. అప్పుడు కుడి నుంచి మూడేసి అంకెలు విడదీయమంటాను: 293, 318, 625, 600. ఒకటి విడిచి ఒకటి కూడితే 293 + 625 = 918, 318 + 600 = 918. రెండూ సమానం, అంటే 1001తో నిశ్శేషంగా పోతుంది. 1001 అంటే 7 × 11 × 13 కదా, మూడూ ఒక్క దెబ్బకి తేలిపోయాయి! ఇక్కడ క్లాసులో ఎప్పుడూ గోల మొదలవుతుంది.

పూర్తిగా విడగొడితే 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19. ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణిస్తే 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5040 కారణాంకాలు. ఘాతాలు ఎక్కడా పెరగకుండా దిగుతున్నాయి చూడండి. 2 ఘాతాన్నీ 3 ఘాతాన్నీ తారుమారు చేస్తే కారణాంకాలు అన్నే, సంఖ్య మాత్రం పెద్దదవుతుంది. అందుకే పెద్ద ఘాతాలు చిన్న ప్రధాన సంఖ్యలకే దక్కాలి.

మరి ఎలా జారిపోయింది? ఈ వరుసలో దీనికి ముందున్న 2,40,94,02,99,600లోనూ, తర్వాతి 3,21,25,37,32,800లోనూ 23 ఉంది, 7 ఒక్కసారే ఉంది. మనదాంట్లో 23 లేదు, 7 రెండుసార్లుంది. 23 చేరిస్తే కారణాంకాలు రెట్టింపవుతాయి గానీ సంఖ్య 23 రెట్లవుతుంది. రెండో 7 చేరిస్తే కారణాంకాలు ఒకటిన్నర రెట్లే, సంఖ్య కూడా ఏడు రెట్లే. ఇరుగుపొరుగు పోకడకి భిన్నంగా ఉండటం వల్లే కన్ను దాటిందేమో. ఇది నా ఊహే సుమా.

5040 కూడా హైలీ కాంపోజిటే. దానికి 60 కారణాంకాలు, 60కి 12, 12కి 6. ఇవన్నీ అదే జాతి.

పర్ఫెక్ట్ నంబరా అని కూడా అడిగారు. కాదు. పర్ఫెక్ట్ కావాలంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే సరిగ్గా తానే రావాలి; దీనికి ఆ మొత్తం తనకి నాలుగున్నర రెట్లు దాటిపోతుంది.